స్పిన్‌లో మోత, ఫోన్‌లో ఏపీకే

ప్రశ్న: మాది ఏడేళ్ల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్. స్పిన్ మొదలవగానే విమానం లేస్తున్నట్టు ఒకటే మోత. యాప్‌లో డయాగ్నసిస్ పెడితే లోపమేం లేదంటోంది. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబర్‌కి చేస్తే వాట్సాప్‌లో ఏదో ఫైల్ పంపి, ఇన్‌స్టాల్ చేసి బుకింగ్‌కి పది రూపాయలు కట్టమన్నారు. ఇన్‌స్టాల్ చేశాను, డబ్బు ఇంకా కట్టలేదు. మెషిన్‌కి ఏమై ఉంటుంది సార్?

జవాబు: మెషిన్ సంగతి తర్వాతండీ, ముందు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండూ చూసి ఆ యాప్‌కి పర్మిషన్ ఉంటే తీసేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి, డబ్బు పోయుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి. పది రూపాయలు కట్టలేదు కదా అని ధీమాగా ఉండొద్దు, ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చేసి ఉంటే మీ ఓటీపీలు ఈపాటికే వాళ్లకి పోతుంటాయి. ఫ్రిజ్ టక్కుటక్కుమంటోందనో ఏసీ గుర్రుమంటోందనో రాసేవాళ్లు కూడా చివరికి ఇదే నంబర్ కథ చెప్తున్నారు, ఎన్నిసార్లు మొత్తుకున్నా గూగుల్‌లో పైన కనిపించిందే కంపెనీ నంబర్ అనుకుంటారు. అసలు నంబర్ మీ బిల్లు మీద, వారంటీ కార్డు మీద ఉంటుంది కదా! ఏ సర్వీస్ సెంటరూ మెకానిక్‌ని పంపడానికి వాట్సాప్‌లో ఏపీకే, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, పంపదు.

ఇక మోత. ప్లగ్ పీకేసి ఖాళీ డ్రమ్ముని చేత్తో తిప్పండి. గరగరమంటే డ్రమ్ముని తిరగనిచ్చే బేరింగ్ పోయినట్టు. డ్రమ్ పై అంచు పట్టుకుని పైకీ కిందకీ కదపండి, దాని బయట నీళ్లు పట్టే టబ్ కదలకుండా డ్రమ్మొక్కటే లొడలొడలాడితే ఇంక అనుమానం అక్కర్లేదు. బేరింగ్‌కి నీళ్లు తగలకుండా ఆపే సీల్ అరిగి నీళ్లు లోపలికి పోయి గ్రీజు కడిగేసి తుప్పు పట్టించేస్తాయి, స్పీడ్ పెరిగేకొద్దీ మోత పెరిగేది అందుకే. అలా కాకుండా టింగుటింగుమంటే చిల్లరో బ్లౌజు హుక్కో ఇరుక్కుందని, ముందు కింద చిన్న మూత తీసి ఫిల్టర్ చూడండి, తీసేముందు గిన్నె పెట్టుకోండి నీళ్లొస్తాయి.

యాప్‌కి ఇదెందుకు తెలీలేదంటే, నీళ్లు, వేడి, తలుపు, మోటార్ లాంటివాటికే సెన్సార్లుంటాయి, బేరింగ్‌కి మామూలుగా ఏమీ ఉండదు. అలాంటి యాప్‌తో లోపమేం లేదని చెప్పించడం నాకు నచ్చదు. "బేరింగ్ నేను చూడలేదు" అని రాయొచ్చుగా. ఇంకో ఘోరం ఏంటంటే చాలా మోడల్స్‌లో టబ్ రెండు సగాల్నీ బోల్టులు లేకుండా అతికించేస్తున్నారు, చిన్న బేరింగ్ పోతే టబ్ మొత్తం మార్చాలి, మెషిన్‌కి వైఫై మాత్రం ఉంటుంది! మెకానిక్ రేటు చెప్పేలోపే మీ టబ్ బోల్టులదా అతికించినదా అని అడగండి. బోల్టులదైతే బేరింగ్, సీల్ రెండూ కలిపి మార్పించండి, బేరింగొక్కటే మారిస్తే పాత సీల్ మళ్లీ నీళ్లు లోపలికి వదులుతుంది.