ఎస్టేట్ సేల్‌లో దొరికిన దంతపు పిడుల కత్తులు అసలువేనా?

శాక్రమెంటోలో ఎస్టేట్ సేల్‌లో ఆరు స్టీక్ కత్తులు కొన్నానన్నారు. తెల్లటి పిడుల మీద ధ్రువపు ఎలుగులు, కుక్కలబండి చెక్కి ఉన్నాయి, డబ్బా మీద "ఎస్కిమో ఆర్టిస్ట్" అనుంది. అసలువేనా, వాడొచ్చా, అమ్మితే ఎంతొస్తుంది అని మీ ప్రశ్న.

నేను నాలుగేళ్లు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఉన్నాను. అక్కడి ఆదివాసీల సంఘం అలాస్కా ఫెడరేషన్ ఆఫ్ నేటివ్స్ సభలు ఆ ఊళ్లో జరిగిన ఏడాది, చేతిపనుల సంతలో ఒక ఇనుపియాట్ (ఉత్తర అలాస్కా ఆదివాసీ తెగ) పెద్దాయన దగ్గర వాల్రస్ (పొడుగు కోరలుండే సముద్ర జంతువు) దంతపు పిడి ఉన్న వెన్నకత్తి కొన్నాను. పిడి మీద సీల్ బొమ్మ. ఎలా చూడాలో ఆయనే నేర్పాడు.

కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి సంపాదించండి. చేత్తో గీసిన గీత మొదట లోతుగా పడి చివర సన్నగా తేలిపోతుంది. ఎలుగు మెడ దగ్గర వెంట్రుకలు చూడండి, ఏ రెండూ ఒక్క పొడవు ఉండవు, ఒకటో రెండో పక్కకి జారతాయి. ఆ జారుడు ఆరు పిడుల మీదా ఒకేచోట ఉంటే అది అచ్చుపోసిన రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటిది. బొమ్మంతా చుక్కలుగా విడిపోతే ప్రింటు. సూది కాల్చి గుచ్చమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. అసలుదైతే ఆ మచ్చ పోదు.

పిడి చివర దంతం లోపలి భాగం బయటపడిందేమో కూడా చూడండి. వాల్రస్‌దైతే ఉడికిన సగ్గుబియ్యం ముద్ద గట్టిపడినట్టు మచ్చమచ్చలుగా ఉంటుంది. ఏనుగుదైతే అడ్డకోతలో వలలాంటి గీతలు కనిపిస్తాయి.

కత్తి ఫ్యాక్టరీదీ బొమ్మ చేతిదీ అయినా చిన్నబుచ్చుకోకండి. బయటివాళ్లకి అమ్మడానికి చెక్కడం అక్కడ పాత వృత్తే. అలాస్కాలోని నోమ్ ఊళ్లో బంగారం కోసం జనం ఎగబడ్డ 1900 ప్రాంతంలో హ్యాపీ జాక్ అనే ఇనుపియాట్ కళాకారుడు ఇలాగే పేరు తెచ్చుకున్నాడు, 1918 ఫ్లూలో పోయాడు. (మన విశాఖపట్నం పనివాళ్లు కంపెనీ దొరల పెట్టెలకి ఏనుగు దంతం పలకలు అతికి, గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. పద్ధతి దాదాపు ఇదే, ఇక్కడ లక్క బదులు ఇంకు గానీ మసి గానీ.) ధర తేల్చేది సంతకం. పక్కన ఊరి పేరుంటే ఇంకా మంచిది. షిష్మారెఫ్, డయోమీడ్ ఇనుపియాట్ ఊళ్లు. గ్యాంబెల్, సవూంగా అని ఉంటే సెయింట్ లారెన్స్ దీవి, అక్కడివాళ్లు యూపిక్ అనే వేరే ఆదివాసీ తెగ.

వాడకం అంటారా, మా అమ్మ వచ్చినప్పుడు జరిగింది చెప్తాను. "ఎంత మురికి పట్టిందిరా ఇది" అని వెన్నకత్తిని వేడినీళ్లలో నానేసి పీచుతో తోమేసింది. సీల్ మీసాలు పోయాయి, ఎండాక పిడి నిలువునా నెర్రె విచ్చింది. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. గీతలు మిగిలే ఉన్నాయి కాబట్టి ఇంకు రుద్ది తుడిస్తే మీసాలు తిరిగొచ్చాయి గానీ నెర్రె అలాగే ఉంది. మీరైతే బ్లేడు మాత్రం తడిగుడ్డతో తుడవండి. డిష్‌వాషర్ జోలికి, కిటికీ ఎండకి అసలు పోనివ్వకండి.

ఇక అమ్మకం. 1972 నాటి సముద్ర క్షీరదాల చట్టం అలాస్కా తీర ఆదివాసీలకి వాల్రస్ దంతంతో చేతిపనులు చేసి అమ్ముకునే వీలిచ్చింది. కానీ మీరుండేది కాలిఫోర్నియా. అక్కడ 2016 జులై 1 నుంచి అమల్లో ఉన్న దంతాల నిషేధంలో వాల్రస్ కూడా ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టేముందు లాయర్ని అడగండి. ఇండియా తీసుకెళ్లే ఆలోచనుంటే ముందే అమెరికా వన్యప్రాణుల శాఖ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అనుమతి కావాలి, సూట్‌కేసులో పడేసుకుని బయల్దేరకండి.

పిడి చివర, సంతకం దగ్గరగా కనిపించేలా రెండు ఫోటోలు పెట్టండి, చూసి చెప్తాను.