446 కోట్ల ఏళ్లను కొలిచేదెలా?

ప్రశ్న: యురేనియం-238 అర్ధాయువు (పరమాణువుల్లో సగం విచ్ఛిన్నమయ్యే కాలం) 446.8 కోట్ల ఏళ్లని పుస్తకాల్లో ఉంది. అంతకాలం ఎవరూ చూడలేదు కదా, ఈ అంకె ఎలా తేల్చారు?

జవాబు: సగం అయ్యేదాకా కాచుక్కూర్చోనక్కర్లేదు. పరమాణువులెన్ని ఉన్నాయో, సెకనుకు ఎన్ని విచ్ఛిన్నమవుతున్నాయో తెలిస్తే చాలు. ఒక మిల్లీగ్రాము యురేనియం-238లో 2.53×10¹⁸ పరమాణువులుంటాయి. వాటి నుంచి సెకనుకు సగటున 12.44 ఆల్ఫా కణాలు (విచ్ఛిన్నానికి ఒకటి చొప్పున బయటికొచ్చే హీలియం కేంద్రకాలు) వెలువడతాయి. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే క్షయ స్థిరాంకం (ఒక పరమాణువు ఒక సెకనులో విచ్ఛిన్నమయ్యే అవకాశం), 4.92×10⁻¹⁸. 0.693ను (2కు సహజ సంవర్గమానం) దానితో భాగిస్తే సెకన్లలో అర్ధాయువు వచ్చేస్తుంది.

లెక్క తేలికే, చిక్కంతా నమూనా తయారీలో ఉంది. యురేనియం పూత మందమైతే ఆల్ఫాలు కొంత శక్తిని అందులోనే పోగొట్టుకుంటాయి, కొన్ని అసలు బయటకే రావు. అందుకే చదరపు సెంటీమీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకుండా, నునుపు చేసిన స్టీలు బిళ్ల మీద ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తారు. మన మిల్లీగ్రాముకు ఆ పూత వ్యాసం 36 మిల్లీమీటర్లయినా ఉండాలి. బిళ్లను వాక్యూమ్ గదిలో సిలికాన్ డిటెక్టర్ ఎదుట పెడతారు. పదో వంతు కణాలే చిక్కినా రోజుకు లక్షా ఏడు వేల కౌంట్లు వస్తాయి, గణాంక దోషం 0.3 శాతమే. అయితే ఆ ‘పదో వంతు’ బిళ్లకూ డిటెక్టర్‌కూ మధ్య దూరం మీద ఆధారపడుతుంది. అది సరిగ్గా కొలవకపోతే నెలంతా లెక్కపెట్టినా దండగే.

సహజ యురేనియంతో ఇంకో మెలిక. అందులో యురేనియం-234 0.0054 శాతమే, కానీ దాని ఆల్ఫాల సంఖ్య 238వాటితో దాదాపు సమానం. రెంటినీ కలిపి లెక్కేస్తే అర్ధాయువు సగానికి పడిపోతుంది! 238కు 4.198, 234కు 4.775 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలమానం) దగ్గర పీకులు (శక్తి గ్రాఫులో శిఖరాలు) విడివిడిగా కనిపించాలి. పూత మందమైతే రెండోదాని తోక మొదటిదాని కిందికి చేరుతుంది. 234ను ముందే వేరుచేసిన నమూనా దొరికితే ఈ బాధ ఉండదు. నేటికీ వాడుతున్న విలువ 1971లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ ల్యాబొరేటరీలో ఆల్ఫాలను లెక్కపెట్టి తేల్చిందే.

ప్రశ్న: అమెరీషియం-241 ఆల్ఫా పీకుల మధ్య తేడా 58.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు వస్తోంది, దానితో వచ్చే గామా కిరణం శక్తి మాత్రం 59.5. క్యాలిబ్రేషన్ (పరికరం కొలతల సరిచూత) తప్పిందా?

జవాబు: తప్పలేదు. ఆల్ఫా వదిలిన అమెరీషియం నెప్ట్యూనియం-237గా మారుతుంది. అది నేరుగా భూస్థాయికి (అత్యల్ప శక్తి స్థితికి) చేరితే ఆల్ఫా శక్తి 5,544 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, దాదాపు 85 శాతం వెలువడే ఆల్ఫాది 5,485.6. ఆల్ఫా బయటపడేటప్పుడు కేంద్రకం వెనక్కి తన్నుకుంటుంది, కొంత శక్తి అటు పోతుంది. తేడాను 241/237తో గుణించండి, 59.5 వస్తుంది. నెప్ట్యూనియం ఉత్తేజిత స్థాయి అదే, అక్కడి నుంచి భూస్థాయికి దిగేటప్పుడు వచ్చేదే ఆ గామా. స్మోక్ డిటెక్టర్‌లోని అమెరీషియం రేకుతో మాత్రం ఈ ప్రయోగం కుదరదు. పైనున్న బంగారు పూత పీకులను అలికేస్తుంది.