డిష్‌వాషర్‌లో నీళ్లు నిలుస్తున్నాయి, గ్లాసులు తెల్లబడుతున్నాయి: మోటార్ మార్చాల్సిందేనా?

మీ ప్రశ్న చదివాను. కొని ఎనిమిది నెలలైంది, బోరు నీళ్లు, గ్లాసుల మీద తెల్లటి పొర, వాష్ అయ్యాక అడుగున నీళ్లు నిలిచి వాసన. వచ్చిన మెకానిక్ ఐదు నిమిషాలు చూసి డ్రెయిన్ మోటార్ (వాడిన నీళ్లు బయటికి తోసేది) పోయింది, మార్చాలి అన్నాడు. మార్పించెయ్యమంటారా అని అడుగుతున్నారు.

ఒక్క రోజు ఆగండి. ఇదే మాట రెండేళ్ల కిందట నాకూ చెప్పారు. మాది నిజాంపేటలో ఐదో అంతస్తు ఫ్లాట్. బోరు ఉన్నన్నాళ్లు బోరు, ఎండాకాలం వస్తే ట్యాంకర్. మెకానిక్ చెప్పిన ఖర్చు మూడున్నర వేలు. ఆ వారం చేతిలో డబ్బు లేక వాయిదా వేశాను, అదే మంచిదైంది.

ఆ ఆదివారం ప్లగ్ పీకేసి, కింది ర్యాక్ బయట పెట్టి, అడుగున ఉన్న గుండ్రటి ఫిల్టర్ తిప్పి తీయబోయాను. అసలు తిప్పాల్సిన పనే రాలేదు, పట్టుకోగానే ఊడి వచ్చింది. అంటే ముందురోజు కడిగి పెట్టినప్పుడు లాక్ పడలేదన్నమాట. అడుగు గుంటలో నీళ్లు స్పాంజితో తోడేసి, టార్చ్ వేసి చూశాను. ఒక పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చాలా మోడళ్లలో దాన్ని చెంచా కాడతో పైకి లేపితే వచ్చేస్తుంది. దాని వెనక ఆ మోటార్ తిప్పే రెక్కల చక్రం, ఆ రెక్కల మధ్య అడ్డంగా ఇరుక్కుని ఒక చింతగింజ! చుట్టూ కరివేపాకు ఈనెలు, ఆవాలు, ఒక పులిహోర పల్లీ బద్ద. గింజ తీసి చక్రాన్ని వేలితో తోస్తే కొంచెం బిగువుగా తిరిగింది (అయస్కాంతం వల్ల అలాగే ఉంటుంది, భయపడకండి). మూత పెట్టి, ఫిల్టర్‌ని టక్కున లాక్ పడేదాకా తిప్పి ఆన్ చేస్తే నీళ్లన్నీ వెళ్లిపోయాయి. ఇప్పటికీ అదే మోటార్.

మీరు చేసేటప్పుడు మాత్రం గుంటలో వట్టి చెయ్యి పెట్టకండి. ఎప్పుడో పగిలిన గ్లాసు పెంకు అక్కడే ఉండొచ్చు. మందపాటి గ్లౌజు వేసుకోండి. నీళ్లు బయటికి పంపే టైములో చెవి పెట్టి వినడం కూడా మంచిదే. గుయ్‌మంటూ నీళ్లు కదలకపోతే ఏదో అడ్డుపడిందని. అసలు చప్పుడే లేకపోతే అప్పుడు మోటారో, మిషన్‌ని నడిపే సర్క్యూట్ బోర్డో అనుకోవచ్చు, మెకానిక్ మాట వినండి.

చక్రం శుభ్రంగానే ఉంటే వెనక పైపు చూడండి. వుడ్‌వర్క్ వాళ్లు మిషన్‌ని లోపలికి తోసినప్పుడు డ్రెయిన్ పైపు మడతపడడం మన ఫ్లాట్లలో మామూలే. ఆ పైపు ఒకచోట సింకు అడుగు దాకా పైకి లేచి, మళ్లీ కిందికి దిగాలి. నేల మీదే పాకించి డ్రెయినేజీ గొట్టంలో దూర్చేస్తే సింకు మురుగు వెనక్కి వస్తుంది, మీరు చెప్పిన వాసన దానివల్ల కూడా కావచ్చు. ఇంకోటి, ఫిల్టర్ కింద గుంటలో కొద్దిగా నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. అది లోపం కాదు. ఫిల్టర్ పైకి నీళ్లు కనిపిస్తేనే ఆలోచించాలి.

ఇక తెల్లటి పొర సంగతి. ఇది వేరే జబ్బు, దీనికీ మోటార్‌కీ సంబంధం లేదు. ఒక గ్లాసు తీసుకుని దూదితో వెనిగర్ రాయండి, లేదా నిమ్మచెక్క రుద్దండి. పొర పోయిందా, అది నీళ్లలోని సున్నం. గీజర్ కాయిల్‌కి పెచ్చులు కట్టేది కూడా అదే. పోలేదా, గాజు పైభాగమే అరిగిపోయిందని అర్థం, ఇక అది తిరిగి రాదు. బోరు నీళ్ల ఇళ్లలో చాలా వరకు మొదటిదే ఉంటుంది.

మిషన్ లోపల సాఫ్ట్‌నర్ ఉంటుంది. అందులోని రెజిన్ అనే చిన్న పూసలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. కొన్నాళ్లకు రెజిన్ నిండిపోతుంది, దాన్ని మళ్లీ పనిలోకి తెచ్చేది మనం పోసే ఉప్పు. అంటే ఉప్పు గిన్నెలు తోమడానికి కాదు. ఇది తెలియక నేను మొదటి మూడు నెలలు ఉప్పు లైట్ వెలుగుతున్నా పట్టించుకోలేదు. డిటర్జెంట్ టాబ్లెట్ డబ్బా మీద ‘అన్నీ ఇందులోనే’ అని రాసి ఉందిగా అనుకున్నాను. నీళ్లు అంత కఠినంగా ఉన్నప్పుడు టాబ్లెట్ ఒక్కటే చాలదు.

ఉప్పు పోయడమే కాదు, నీళ్ల కఠినత్వం ఎంతో మిషన్‌కి సెట్టింగ్‌లో చెప్పాలి. కొత్తలో ఇన్‌స్టాల్ చేసినవాళ్లు మీ నీళ్లు పరీక్షించారా? మా ఇంట్లో ఇన్‌స్టాల్ చేసినతను వాటర్ ప్యూరిఫయర్ కుర్రాడి టీడీఎస్ మీటర్ చూసి నంబర్ పెట్టేసి వెళ్లిపోయాడు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ, కఠినత్వం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా. రెండూ ఒకటి కావు. ఆన్‌లైన్‌లో దొరికే హార్డ్‌నెస్ స్ట్రిప్ ముంచి చూసుకోండి. స్ట్రిప్ మీద పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉండి, మాన్యువల్‌లో జర్మన్ డిగ్రీలు (కఠినత్వానికి ఇంకో కొలత) ఉంటే పీపీఎంని 17.8తో భాగించండి. మా బోరుకి 450 వచ్చింది, అంటే 25 డిగ్రీలు. మిషన్ 12 మీద నడుస్తోంది! మార్చాక నాలుగైదు వాష్‌లకి తేడా తెలిసింది. ట్యాంకర్ నీళ్లు మొదలైనప్పుడల్లా నేను ఇంకో స్ట్రిప్ ముంచుతాను, ఏ బోరు నుంచి తెస్తారో మనకేం తెలుసు.

వంటింటి అయోడిన్ ఉప్పు పోయకండి, అందులో గడ్డ కట్టకుండా కలిపే పొడి ఉంటుంది. మా అత్తయ్య ఒకసారి ‘ఉప్పే కదమ్మా’ అని కళ్లుప్పు పోశారు, దాంట్లోని మట్టీ నలుసులూ రెజిన్‌కి మంచివి కావు. డిష్‌వాషర్ సాల్ట్ అని అమ్మేదే వాడండి. పోసిన వెంటనే, గిన్నెలు లేకుండా ఒక వాష్ నడపండి. ఒలికిన ఉప్పునీళ్లు లోపల అలాగే ఉండిపోతే స్టీలుకి తుప్పు మచ్చలు వస్తాయి. మూత బిగించకపోయినా అంతే.

ఇప్పటికే కట్టిన సున్నానికి మా ఇంట్లో మందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ఖాళీ మిషన్‌లో 100 గ్రాములు అడుగున చల్లి, అన్నిటికన్నా వేడి ప్రోగ్రాం పెడతాను. డిటర్జెంట్ వద్దు, బ్లీచింగ్ అసలే కలపొద్దు. తిరుగుతూ నీళ్లు చిమ్మే గొట్టాలు (స్ప్రే ఆర్మ్‌లు) కూడా ఊడదీసి, బొక్కల్లో చీపురు పుల్ల పెట్టి పొడిస్తే జీలకర్ర గింజలు రాలతాయి. అవి మూసుకుపోతే పై ర్యాక్ గిన్నెలకి నీళ్లు చేరవు.

మీరు అడగలేదు కానీ, పై అంతస్తు అయితే ఒకటి గమనించండి. కుళాయి గుర్తు వెలుగుతూ నీళ్లు ఎక్కకపోతే ప్రెషర్ చాలకపోవచ్చు. ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటేనే 1 బార్ (ప్రెషర్ కొలత) వస్తుంది, మా ట్యాంకు నెత్తి మీదే ఉంది కాబట్టి 0.3 కూడా కష్టం. చివరికి చిన్న ప్రెషర్ పంపు పెట్టించాం. అయితే పంపు కొనే ముందు కుళాయి దగ్గర పైపు విప్పి, లోపలి జల్లెడ కడగండి. ట్యాంకర్ ఇసుక అక్కడ చేరుతుంది.

అన్నట్టు, అల్యూమినియం కుక్కర్ అందులో పెట్టకండి. అత్తయ్య ఇరవై ఏళ్ల కుక్కర్ నల్లగా బయటికొచ్చిన రోజు మా ఇంట్లో జరిగింది ఇక్కడ రాయలేను.

ముందు ఫిల్టర్, దాని వెనక చక్రం చూసి, గుయ్‌మంటోందో లేదో ఇక్కడే చెప్పండి. అప్పటిదాకా ఆ మెకానిక్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.