అమెరికా మూలవాసుల్లో ఒక తెగ అయిన డకోటా వాళ్లకి గుర్రాలతో మనసు గాయాలు మానతాయంటారు, ఎలా?

ముందు ఆ గాయం ఏంటో చూడాలి. 1862 డిసెంబర్ 26న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, మాన్‌కేటోలో 38 మంది డకోటా మగవాళ్లని ఒకేసారి ఉరితీశారు, మరుసటి ఏడాది మిగతావాళ్లలో చాలామందిని సొంత నేల మీంచే వెళ్లగొట్టేశారు. ఆ బాధ తరాలు దాటి వచ్చింది. 2005లో జిమ్ మిల్లర్ అనే వియత్నాం యుద్ధంలో పనిచేసిన మాజీ అమెరికా సైనికుడికి అందరూ గుర్రాలెక్కి అక్కడికి వెళ్తున్నట్టు కల వచ్చింది, అలా పుట్టిన గుర్రాల యాత్ర 2022 దాకా ఏటా సౌత్ డకోటా రాష్ట్రంలోని లోయర్ బ్రూల్ నుంచి సుమారు 530 కిలోమీటర్లు, గడ్డకట్టే చలిలో, సరిగ్గా డిసెంబర్ 26న మాన్‌కేటో చేరేలా సాగింది.

గుర్రమే ఎందుకంటే, అది వేరే జంతువులకి ఆహారమయ్యే ప్రాణి కాబట్టి పక్కనున్న మనిషి ఒళ్లు బిగుసుకుంటే ఇట్టే పసిగట్టేస్తుంది, తల పైకెత్తి పక్కకి జరిగిపోతుంది, మనం ఊపిరి నెమ్మదిగా తీసుకుని చెయ్యి వదులు చేస్తే మెల్లగా తల దించుతుంది. లోపలి బాధ మాటల్లో చెప్పలేని పిల్లలకి ఇది చాలా పెద్ద సాయం. కౌన్సెలింగ్ మానేయమని కాదు, అదీ కావాలి. కానీ పెద్దవాళ్లు, పిల్లలు కలిసి గుర్రాల్ని చూసుకుంటూ రోజుల తరబడి ప్రయాణం చేయడం, దారిలో ప్రార్థనలు, పాత కథలు, ఇవి నాలుగు గోడల మధ్య ఒంటరిగా కూర్చుంటే దొరకవు.