దివిటీ చిన్నదాని చేతికే ఇవ్వు

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. "అత్తా, మాకు మగపిల్లాడు లేడు కదా, దీపావళికి దివిటీలు మానేద్దామా?" అన్నావు. మానేయకు. మన చిన్నదాని చేతికే ఇవ్వు. ఎలా చేయాలో రాస్తున్నాను, దాచుకో.

సత్యభామ నరకుణ్ణి చంపిన కథ దానికి బడిలో చెప్పే ఉంటారు. దివిటీల సంగతి చెప్పి ఉండరు, అది నువ్వే చెప్పాలి. మహాలయ పక్షంలో మన దగ్గరికొచ్చిన పెద్దలు దీపావళి అమావాస్యకి తిరిగి వెళ్తారని మనవాళ్ల నమ్మకం. ఆ రాత్రి వెన్నెల ఉండదు కదా. వాళ్లకి దారి కనపడాలని సంధ్యవేళ దివిటీ ఎత్తుతాం. శాస్త్రాల్లో దీన్ని ఉల్కాదానం అన్నారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని వీధి చివరిదాకా వెళ్లి సాగనంపుతామే, అలాంటిది. అందుకే ముందు ఇది, తర్వాత లక్ష్మీపూజ, ఆ తర్వాతే టపాకాయలు.

మన కోస్తా వైపు గోగు కాడలతో చేస్తాం. కొన్నిచోట్ల ఆముదపు కొమ్మలో, చెరకు గడలో వాడతారు. హైదరాబాద్‌లో అయితే రైతుబజారుకి ముందురోజు పొద్దున్నే వెళ్లు. కూరకి ఏరే లేత గోంగూర పనికిరాదు. మూరెడు పైన పొడవున్న ముదురు కాడలు, పచ్చివి చూసుకో. పచ్చిగా ఉంటే తొందరగా అంటుకోవు.

గుడ్డ విషయం మాత్రం జాగ్రత్త. పాత నూలు పంచె చింపి వత్తులు చెయ్యి. మీ నాన్నకి ఎనిమిదేళ్లప్పుడు, ఇంట్లో నూలుగుడ్డ అందక నేనే నైలాన్ చీర ముక్క చుట్టి ఇచ్చాను. అది మండుతూ కరిగి, చుక్క వాడి కుడిపాదం మీద పడింది. బొటనవేలి పక్కన శనగబద్దంత మచ్చ, నువ్వూ చూసే ఉంటావు. చివరిసారి వాడి కాళ్లకి పసుపు రాసినప్పుడు నా వేలు ఆ మచ్చ మీదే ఆగిపోయింది.

వత్తిని నువ్వుల నూనెలో నానబెట్టి, బాగా పిండి, కాడ చివర గట్టిగా కట్టు. నూనె కారుతుంటే నిప్పు చుక్కలు పడతాయి. పిల్లకి నూలు గౌనే వెయ్యి, జడ ముడిచి కట్టు. పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టుకో. బాల్కనీలో వద్దు, కిందకి మట్టినేల ఉన్నచోటికి తీసుకెళ్లు. దక్షిణం వైపు తిరిగి దివిటీ చూపించి, మూడుసార్లు నేలకి కొట్టమను. "దిబ్బూ దిబ్బూ దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అని గట్టిగా అనాలి. సిగ్గుపడితే నువ్వూ అందుకో. కాడలు అక్కడే నీళ్లలో ఆర్పేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని వెనక్కి చూడకుండా లోపలికి రావాలి.

ఇక ఆడపిల్ల మాట. మా రోజుల్లో దివిటీ తమ్ముడికే ఇచ్చేవాళ్లు. నేను అరుగు మీద నూనె గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. ఆ బాధ ఈ వయసులోనూ పోలేదు. మా నాన్నకి నేనూ కూతుర్నే కదా, నాకూ దారి చూపించాలని ఉండేది. తాతయ్య భుజం దిగని మనవరాలు అది. అది దారి చూపిస్తే వాడికి కనపడదా? ఎవరైనా ఏమైనా అంటే పెద్దత్త చెప్పిందని చెప్పు. అల్లుడుగారిని కూడా పక్కన ఉండమను.

మిగతావి నీకు తెలిసినవే. చతుర్దశి తెల్లవారుజామున ముగ్గురూ తలంటుకోండి. కొత్త ప్రమిదలు పొద్దున్నుంచే నీళ్లలో నానబెట్టు, లేకపోతే నూనంతా అవే తాగేస్తాయి. ఒంటివత్తి వద్దు, రెండేసి కలిపి వెయ్యి. మొదటి దీపం దేవుడి దగ్గర, తర్వాత తులసమ్మ దగ్గర, ఆపైన గుమ్మానికి అటూ ఇటూ.

లోపలికి రాగానే చిన్నదాని నోట్లో బెల్లం ముక్క పెట్టు. మీ నాన్నమ్మ మీ నాన్నకి అదే పెట్టేది. వాడు సగం కొరికి, మిగతా సగం అరుగు మీద నిలబడ్డ నాకు తెచ్చిచ్చేవాడు.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త