తాత పక్కన చోటు

ప్రశ్న: ‘వేల్ రైడర్’ చిత్రంలో తనను కాదన్న తాతను ఆ అమ్మాయి ఎందుకు ద్వేషించదు?

జవాబు: న్యూజిలాండ్‌లోని ఫాంగరా అనే మావోరి ఆదివాసుల పల్లెలో సాగే ఈ 2002 నాటి చిత్రంలో, పుట్టుకతోనే తల్లినీ కవల సోదరుణ్నీ పోగొట్టుకున్న పాయ్, తండ్రి దూరదేశం వెళ్లిపోగా తాత, నాయనమ్మల దగ్గరే పెరుగుతుంది. తెగ పెద్దరికం మగపిల్లవాడికే దక్కాలని నమ్మే తాత కోరో, ఊరి అబ్బాయిలకు నేర్పే విద్యల దగ్గరకు ఆమెను రానివ్వడు. ఆమె కోరేది ఆయనపై గెలుపు కాదు, ఆయన పక్కన చోటు. దర్శకురాలు నికీ కారో ఆయనను దుర్మార్గుడిగా చూపకపోవడం నాకెంతో నచ్చింది. బడి వేడుకలో తాత కోసం ఉంచిన కుర్చీ ఖాళీగా ఉన్నా, పాయ్ కన్నీళ్లు ఆపుకోలేకపోతూనే ఆయనను గౌరవిస్తూ రాసుకున్న ప్రసంగాన్ని చివరిదాకా వినిపిస్తుంది. ఆ ఘట్టంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది.