ఎవులు సెప్పినారు బాబూ?

విశాఖపట్నం,
ఆదివారం

చిరంజీవికి,

ఇంగ్లండ్ రగ్బీ క్లబ్బు లెస్టర్ టైగర్స్ మీద నువ్వు రాసి పంపిన పదకొండు పేజీలు నిన్న రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ‘తెలుస్తోంది’ అన్న మాట కనిపించిన చోటల్లా గీత గీసి లెక్కపెడితే 31 తేలాయి. ‘సమాచారం’ 14. ‘విశ్వసనీయ వర్గాలు’ 4. ఈమధ్య ఒక రాతప్రతి మీద నాకింత కోపం రాలేదు. బాగోలేనివాటిని మామూలుగా పక్కన పెట్టేస్తాను. నీదాన్ని పెట్టలేకపోయాను. దానికి కారణం తొమ్మిదో పేజీలో ఉంది, అక్కడికి తర్వాత వస్తాను.

“లెస్టర్ టైగర్స్‌కి మరో కొత్త కోచ్ రానున్నట్లు తెలుస్తోంది” అని మొదలుపెట్టావు. ఎవరికి తెలుస్తోంది? నీకా? నువ్వు ఎంవీపీ కాలనీలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నావు. క్లబ్బు వాళ్ళకా? వాళ్ళు నీతో మాట్లాడలేదు. మరి ఆ వాక్యంలో తెలిసినవాడు ఎక్కడున్నాడు?

మన భాషలో దీనికి ఎంత మంచి మాట ఉందో చూడు. ‘అట’. మీ అమ్మగారు “పై వాటావాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారట” అంటారు. నేను చూడలేదు, విన్నాను, ఎవరన్నారో అడిగితే చెబుతాను అని ఆ చిన్న మాటలోనే ఒప్పుకుంటున్నారు. ఇంట్లో ఎవరో ఒకరు వెంటనే “ఎవరన్నారు?” అని అడుగుతారు. “పాలబ్బాయి” అంటారు ఆవిడ. పాలబ్బాయికి ఒకటో తారీఖు నుంచి పాలు వద్దని చెప్పి ఉంటారు కాబట్టి నిజమే అయివుంటుందని అందరికీ అర్థమవుతుంది. అదే “ఆ వీధి చివర కుర్రాడు” అని ఉంటే ఎవరూ పట్టించుకోరు. నీ ‘తెలుస్తోంది’లో ఆ పాలబ్బాయి లేడు. ముప్ఫై ఒక్క చోట్లా లేడు.

ఇది నా చాదస్తం అని నీకు అనిపించవచ్చు. నాకిది ఎక్కడ పట్టుకుందో చెబుతాను.

1993లో నేను ఒక పత్రికకి ఆటల వార్తలు రాసేవాణ్ణి. జీతం లేదు, లైన్ అకౌంట్. వార్త పడితేనే డబ్బు. సైకిల్ మీద గ్రౌండ్లన్నీ తిరిగి, రాత్రి ఎనిమిదిలోపు ఆఫీసులో కాగితాలు ఇచ్చేసి వచ్చేవాణ్ణి. అప్పట్లో ఒక పెద్ద సంస్థకి మంచి కబడ్డీ జట్టు ఉండేది. ఆ కోచ్‌ని తీసేస్తారని జట్టులోనే పనిచేసే ఒకాయన నాతో అన్నాడు. “జట్టుకి చెందిన ఒకరు నాతో చెప్పారు” అని నాలుగు లైన్లు రాసి ఇచ్చాను. డెస్క్‌లో పెద్దాయన దాన్ని కొట్టేసి “తొలగించనున్నట్లు విశ్వసనీయంగా తెలిసింది” అని మార్చాడు. నేను అడిగితే “పత్రిక ఎవరో చెప్పారు అనకూడదయ్యా, పత్రికకి తెలియాలి” అన్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ మాట మీద నాకు కోపం పోలేదు. కానీ నా తప్పూ ఉంది. నాతో చెప్పిన మనిషే ఆ కోచ్ పదవి కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. అది రాయలేదు, డెస్క్‌లోనూ చెప్పలేదు.

వారం తర్వాత కంచరపాలెంలో టీకొట్టు దగ్గర ఆ కోచ్ ఎదురుపడ్డారు. జేబులో ఆ పేపర్ ముక్క మడతపెట్టి ఉంది. తీసి చూపించి, గొంతు కూడా పెంచకుండా, “ఎవులు సెప్పినారు బాబూ?” అని అడిగారు. నేను మాట్లాడలేదు. ఆయన టీ తాగి, నా టీకి కూడా డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. ఆయన్ని ఎవరూ తీసేయలేదు. కానీ పోయే మనిషి మాట ఎందుకు వినాలని కుర్రాళ్ళు ప్రాక్టీసుకి ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. ఆ సీజన్ అయ్యాక ఆయనే వేరే డ్యూటీ అడిగి తీసుకున్నారు. నేను రాసిన నాలుగు లైన్లు రాసినప్పుడు నిజం కాదు. రాసిన తర్వాత నిజమయ్యాయి.

ఇప్పుడు నీ రగ్బీకి వస్తాను. ఈ పుకార్లు ఎందుకు పుడతాయో నీ పదకొండు పేజీల్లో ఒక్క ముక్క లేదు. మనం మాట్లాడుకునే రగ్బీ రకం, అంటే రగ్బీ యూనియన్‌లో 1995 ఆగస్టు దాకా ఆటగాడికి ఆడినందుకు జీతమివ్వడం నిబంధనలకే విరుద్ధం. ఆ తర్వాతే బాహాటంగా కాంట్రాక్టులు వచ్చాయి, వాటి వెంట ఏజెంట్లు వచ్చారు. ఫుట్‌బాల్‌లోలాగా మధ్యలో కోట్లు పోసి ఆటగాణ్ణి కొనుక్కుపోవడం ఇక్కడ తక్కువ. ఎక్కువమంది కాంట్రాక్టు పూర్తయ్యాకే క్లబ్బు మారతారు. అందుకే ఆఖరి ఏడాదిలో ఉన్న ప్రతివాడి పేరూ గాల్లోకి లేస్తుంది. ఫ్రాన్స్‌లో ఏదో క్లబ్బు అడుగుతోందన్న మాట బయటికి వస్తే లాభం ఎవరికి? ముందు ఏజెంటుకి. ఉన్న క్లబ్బు భయపడి రేటు పెంచవచ్చు. మన ప్రో కబడ్డీలో వేలం అందరి కళ్ళముందూ జరుగుతుంది, ఏ రైడర్ ఎంతకి పోయాడో ఆ రాత్రికే జగదాంబ సెంటర్లో మాట్లాడుకుంటారు. ఇంగ్లండ్ రగ్బీలో జీతాలు అలా ప్రకటించరు. అంకె తెలియనప్పుడు ఎవరు ఏ అంకె చెప్పినా చెల్లుతుంది. నీకు దొరికిన ప్రతి పుకారు పక్కనా ‘ఇది బయటపడితే ఎవరికి లాభం’ అని పెన్సిల్‌తో రాసుకో. సగం అక్కడే రాలిపోతాయి.

మిగిలిన సగానికి కూడికలు, తీసివేతలు చాలు. నువ్వు ఒకే వేసవిలో ఐదుగురు పెద్ద ఆటగాళ్ళని లెస్టర్‌కి తెచ్చేశావు. అక్కడి పెద్ద లీగ్, ప్రీమియర్‌షిప్‌లో ఒక క్లబ్బు మొత్తం జీతాలకి మూల పరిమితి 2024–25 నుంచి 64 లక్షల పౌండ్లు. ఒక్క ఆటగాడి జీతాన్ని మాత్రం లెక్కలోంచి మినహాయిస్తారు. అప్పట్లో ఉన్న పరిమితి దాటినందుకు 2019లో సారసెన్స్‌కి 35 పాయింట్లు కోసి, 50 లక్షల పౌండ్ల పైన జరిమానా వేశారు. ఆ సీజన్ చివరికి అంత పెద్ద క్లబ్బూ కింది డివిజన్‌కి దిగింది. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ క్లబ్బులు డబ్బు లేక లీగ్‌లోంచే పోయాయి. అక్కడ ఆడేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు అందరి పనీ ఒక్కసారిగా పోయింది. ఇది తెలిసినవాడు ‘కోట్లు గుమ్మరించేందుకు రంగం సిద్ధం’ అని రాయడు.

ఆ ‘రంగం సిద్ధం’ ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు. ‘షాకింగ్’, ‘బిగ్ ట్విస్ట్’, ‘గ్రాండ్ ఎంట్రీ’, ఇవన్నీ నీ ఉపశీర్షికల్లో వరసగా ఉన్నాయి. కోచ్ అనేవాడు సినిమా హీరో కాదు, ఎంట్రీ ఇవ్వడానికి. పొద్దున్నే వానలో నిలబడి ఎనిమిది మంది బరువైన మనుషుల చేత ఒకే క్షణంలో నడుములు వంచించే పని అతనిది. ఆ పని గురించి రాయి.

కోచ్‌ల మార్పుకి ‘తెలుస్తోంది’ అవసరమే లేదని నీకు చూపిస్తాను. 2022 జూన్‌లో స్టీవ్ బోర్త్‌విక్ కోచ్‌గా లెస్టర్ చాంపియన్ అయింది. ఆ డిసెంబర్‌లో ఇంగ్లండ్ బోర్డు తన జాతీయ జట్టు కోచ్ ఎడ్డీ జోన్స్‌ని తీసేసి బోర్త్‌విక్‌ని పట్టుకుపోయింది. లెస్టర్ సీజన్ మధ్యలో రిచర్డ్ విగుల్స్‌వర్త్‌ని తాత్కాలికంగా కూర్చోబెట్టుకుంది. ఖాళీగా ఉన్న జోన్స్‌ని జనవరిలో ఆస్ట్రేలియా తీసుకుంది, తీసుకోవడానికి అప్పటి తన కోచ్ డేవ్ రెన్నీని పంపించేసింది. రెన్నీ దగ్గర సహాయకుడిగా ఉన్న డాన్ మెకెల్లర్ అక్కడ్నుంచి బయటపడి ఎక్కడికి వచ్చాడు? లెస్టర్‌కి! లండన్‌లో ఒకణ్ణి కుర్చీలోంచి లేపితే, ఆ కుదుపు సిడ్నీ దాకా వెళ్ళి మళ్ళీ లెస్టర్‌లోనే ఆగింది. మెకెల్లర్ ఒక్క సీజన్ ఉన్నాడు. తర్వాత మైకేల్ చైకా, ఆయనా ఒక్క సీజనే. 2025లో జెఫ్ పార్లింగ్, ఒకప్పుడు అదే క్లబ్బుకి ఆడినవాడు. రెండున్నరేళ్ళలో ఐదుగురు. ఇందులో ఒక్క వాక్యానికైనా కర్త లేకుండా పోయాడా చూడు. తీసేసినవాడున్నాడు, తీసుకున్నవాడున్నాడు, నెల ఉంది. నీ పేజీల్లో ఈ పేర్లన్నీ ఉన్నాయి, కానీ ఒకదానికొకటి తగలకుండా, రైల్వే స్టేషన్‌లో బోర్డు మీద బండ్ల పేర్లలాగా ఉన్నాయి.

కోచ్ మారితే జట్టు బాగుపడుతుందన్నావు. నాకు నమ్మకం లేదు. ఫ్రాన్స్‌లో పెద్ద క్లబ్బు తులూజ్‌కి 1993 నుంచి 2015 దాకా గీ నోవెస్, అప్పట్నుంచి ఊగో మోలా. అంతే, ఇద్దరు. ఇంగ్లండ్‌లోనే బాత్ క్లబ్బు 2021–22లో పట్టికలో అట్టడుగున ఉంది. ఆ వేసవిలో వచ్చిన యోహాన్ వాన్ గ్రాన్‌ని మూడేళ్ళు కదపలేదు. 2025లో 29 ఏళ్ళ తర్వాత చాంపియన్ అయింది, ఫైనల్లో ఓడింది మీ లెస్టరే. 23–21.

స్క్రమ్‌కి, అంటే రెండు జట్ల నుంచీ ఎనిమిదేసి మంది వంగి ఒకరినొకరు నెట్టుకునే దానికి, తెలుగు మాట పెట్టాలా అని అడిగావు. వద్దు. పెట్టినవాళ్ళని చూశాను, ఆ మాట కింద మళ్ళీ స్క్రమ్ అంటే ఏమిటో వివరించుకోవాల్సి వచ్చింది. ఈ ఆటకీ మనకీ సంబంధమే లేదన్న నీ వాక్యం కూడా కొట్టేయి. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆడుకునే కలకత్తా కప్పు మన వెండి రూపాయలు కరిగించి చేసింది. కలకత్తాలో రగ్బీ క్లబ్బు మూసేస్తూ బ్యాంకులో మిగిలిన రూపాయలతో చేయించి పంపారు. 1879 నుంచి దానికోసమే ఆడుతున్నారు.

ఇక నన్ను బాధపెట్టినదానికి వస్తాను. వచ్చేవాళ్ళ గురించి తొమ్మిది పేజీలు రాశావు. అందరూ ఆట నడిపే పదో నంబరు, వింగర్లు, పరుగెత్తేవాళ్ళు. వెళ్ళేవాళ్ళకి ఒక్క వాక్యం: “2025లో కొందరు సీనియర్లు తప్పుకున్నారు.” కొందరా? ఇంగ్లండ్‌కి 127 మ్యాచ్‌లు ఆడిన బెన్ యంగ్స్. 118 ఆడిన డాన్ కోల్. హాండ్రే పొలార్డ్, రెండు ప్రపంచ కప్పులు గెలిచినవాడు, సొంత దేశం దక్షిణాఫ్రికాకి వెళ్ళిపోయాడు. కెప్టెన్ మొంతోయా ఫ్రాన్స్‌కి పోయాడు. కోల్ టైట్‌హెడ్ ప్రాప్, అంటే స్క్రమ్ ముందు వరసలో కుడివైపు నిలబడే మూడో నంబరు. స్క్రమ్‌లో ఎదుటి జట్టు బరువు ఎక్కువగా అతని మెడ మీదే పడుతుంది. ఆ చోటుకి శిక్షణ లేనివాణ్ణి నిలబెడితే మెడ విరుగుతుంది కాబట్టి, మ్యాచ్‌కి తీసుకునే 23 మందిలో ముందు వరసకి విడిగా ముగ్గురు మారు ఆటగాళ్ళు ఉండాలని నియమం. అంత కష్టమైన చోటులో పదిహేనేళ్ళకి పైగా ఉన్న మనిషి, 38 ఏళ్ళ వయసులో, ఆఖరి మ్యాచ్ అయిన ఆ ఫైనల్లో బాత్ ఆటగాడు ఫిన్ రసెల్ బంతి తన్నేశాక ఆలస్యంగా గుద్దుకుని ఎల్లో కార్డుతో బయటికి వెళ్ళాడు. నువ్వు ఆ మ్యాచ్ చూశానన్నావు. చూసి ‘కొందరు సీనియర్లు’ అని ఎలా రాయగలిగావు?

ఎలాగో ఆ తొమ్మిదో పేజీ చూశాకే అర్థమైంది. నీకు చూడటం వచ్చు, దాన్ని దాచిపెట్టావు. మీ అన్నయ్య లెస్టర్‌లో చదువుకుంటూ స్టేడియంలో పార్ట్‌టైమ్ చేస్తున్నాడని, సేల్ జట్టు మీద సెమీఫైనల్ అయిపోయాక సీట్ల కింద ప్లాస్టిక్ కప్పులు ఏరుతుంటే, ఒక ముసలాయన లేవకుండా మైదానం వైపు చూస్తూ కూర్చుండిపోయాడని, అన్నయ్య ఆ ఒక్క సీటు వదిలేసి మిగతా వరస అంతా ఊడ్చాడని రాశావు. మూడు లైన్లు. వెంటనే బ్రాకెట్లో “ఇది వ్యాసానికి అవసరమా?” అని నన్నే అడిగావు.

ఆ మూడు లైన్లు ఉంచి మిగతావన్నీ తీసేయి. వ్యాసం అక్కడ మొదలవుతుంది. ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం.

ఈ రాత్రి అన్నయ్యకి ఫోన్ చెయ్యి. అప్పటికి వాళ్ళకి సాయంత్రం అవుతుంది, పనిలోంచి వచ్చి ఉంటాడు. ఆ ముసలాయన ఒక్కడే వచ్చాడా, పక్క సీటు ఎవరిది, ఎంతసేపు కూర్చున్నాడు, లేచి వెళ్ళేటప్పుడు ఏమైనా అన్నాడా, అంటే ఏ మాటలతో అన్నాడు, ఇవన్నీ అడుగు. యంగ్స్, కోల్ అప్పటికి లోపలికి వెళ్ళిపోయారా, ఇంకా గడ్డి మీదే ఉన్నారా అని కూడా అడుగు. అన్నయ్యకి గుర్తులేనిది నువ్వు కల్పించకు. గుర్తున్నంతవరకు ‘మా అన్నయ్య చెప్పాడు’ అని రాయి.

రాసింది పట్టుకుని వచ్చే ఆదివారం నాలుగు గంటలకి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి రా. మెట్ల దగ్గరే ఉంటాను.

ఆశీస్సులతో,
మాస్టారు